దొడ్డిలో అడుగుపెట్టినందుకు

మా ఆఫీసులో ధనుంజయ అంత పొదుపుగా మాట్లాడే మనిషి ఇంకొకరు లేరు. పొద్దున "నమస్తే అక్కా" అంటాడు, సాయంత్రం "పోయొస్తా అక్కా" అంటాడు. ఆ రెంటికీ మధ్య నోరు తెరిచాడంటే అది అంకెల గురించే అయి ఉంటుంది. నేనేమో మార్కాపురంలో స్టీలు సామాన్ల దుకాణం ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని. నలుగురిని నాలుగు మాటలు అనకపోతే నాకు అన్నం సహించదు. ఈ కామేశ్వరి నోటికి తాళం వేయాలంటే ధనుంజయ పక్కన కూర్చోబెట్టండి అని ఎవరు సలహా ఇచ్చారో గానీ, మా ఇద్దరి బల్లలూ పక్కపక్కనే పడ్డాయి. ఇన్నేళ్లలో నా నోరు తగ్గలేదు, అతని నోరు పెరగలేదు.

మాది మార్కాపురంలోనే ఉన్న ఆరోగ్య బీమా ఆఫీసు. కార్డు చూపించి ఆసుపత్రిలో చేరిన ప్రతి మనిషి వివరమూ మా కంప్యూటర్లకు వస్తుంది. ఏ ఊరు, ఎంత వయసు, ఏం బాధని చెప్పుకున్నారు, ఏం వైద్యం చేశారు, తర్వాత మళ్లీ దేనికైనా చేరారా, ఇవన్నీ ఉంటాయి. పేరు మాత్రం కనిపించదు. తప్పుగా పడిన వివరాలు సరిచేసేది నేను. సరిచేసినవాటిని ఊళ్లవారీగా పేర్చి, ఏ జబ్బు ఎక్కడ పెరుగుతోంది, ఏ వైద్యం ఎవరికి ఎక్కువగా జరుగుతోంది అని పట్టుకునేది ధనుంజయ. రాతి పలకల గనుల్లో పని చేసే ఊళ్లలో ఆయాసం ఏ వయసులో మొదలవుతోందో, కిడ్నీ రోగులు ఏ పల్లెల నుంచి ఎక్కువగా వస్తున్నారో అతనే ముందు కనిపెట్టి పైకి రాసేవాడు. పైవాళ్లు దాన్ని చదివారా లేదా అన్నది వేరే సంగతి. అది తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అతనిది యర్రగొండపాలెం దాటాక నల్లమల అంచున ఉన్న గొర్రెల కాపరుల పల్లె. నాయన మంద మేపేవాడు. ఇద్దరు బిడ్డల్లో ఒకరే బడికి పోవాలన్నప్పుడు చెల్లెలు సుబ్బులు పలక ఇంట్లో పడేసి గొర్రెల వెంట పోయింది. ఆ పిల్ల అటు పోబట్టే ధనుంజయ ఇటు మార్కాపురం హాస్టల్లో చేరి, చదువుకుంటూ చదువుకుంటూ ఎమ్మెస్సీ దాకా పోగలిగాడు. తర్వాత సుబ్బులును తర్లుపాడు మండలంలో ఇంకో కాపరుల ఇంటికి ఇచ్చారు. అక్కడా మందే, అక్కడా జీవాలే. ధనుంజయ అంకెలు కాక ఇంకేమైనా మాట్లాడాడంటే అది సుబ్బులు గురించే.

"మా సుబ్బులు కూతేస్తే కొండమీదుండే జీవాలన్నీ తల తిప్పి చూస్తాయక్కా" అనేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహం చూడాలి. ఆఫీసులో జీతం పెరిగిన రోజున కూడా అంత వెలిగిపోలేదు.

పోయిన ఏడాది వానలు వెనకబట్టాక అతనికి ఒకటి కనపడింది. తర్లుపాడు, యర్రగొండపాలెం, గిద్దలూరు వైపు కొన్ని పల్లెల్లో ముప్పై నిండని ఆడవాళ్లు గర్భసంచి తీయించుకుంటున్నారు. పక్క పల్లెల్లో నలభై దాటినవాళ్లకు కూడా ఆ ఆపరేషన్ అరుదు. ఈ పల్లెల్లో మాత్రం ఇద్దరు పిల్లలు పుట్టడం ఆలస్యం, తీసేస్తున్నారు. అవన్నీ మందలున్న పల్లెలు. పైగా ఏ ఆసుపత్రి నుంచి వచ్చినా బాధ ఒకే వరసలో రాసి ఉంది. నెలంతా రక్తం పోతోంది, నడుము లాగేస్తోంది, నిలబడలేకపోతోంది, మందులకు తగ్గలేదు. మాట అటూ ఇటూ కావడం లేదు.

"చూడక్కా, ఒకరిది చూసి ఒకరు దించుకుంటాండారు" అన్నాడు ధనుంజయ.

"దించుకోక ఏంజేస్తారు? కార్డు ఉంటే చాలు, కడుపు కోసేదానికి వాళ్లకు ఇంకో సాకు కావాల్నా?" అన్నాను నేను.

ఆ రోజు నుంచి ఇద్దరం ఆసుపత్రుల మీద కత్తులు నూరడం మొదలుపెట్టాం. ఆపరేషన్ అయిన ఆడవాళ్లు తర్వాత ఏమయ్యారో కూడా అతను వెతికాడు. కొన్నేళ్లకే వాళ్లు నడుములు పట్టేసి, కీళ్లు వాచి, కొందరు ఎముకలు విరిగి మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కుతున్నారు. నలభై లోపే ముసలివాళ్ల జబ్బులు. అది చూసిన రోజు నేను మధ్యాహ్నం డబ్బా తెరవలేదు.

ఒక్కటి మాత్రం అతనికి కొరుకుడు పడలేదు. ఆపరేషన్లు ఏడాది పొడుగునా సమానంగా లేవు. వానలు పోయాక మొదలై ఎండాకాలం లోపల కుప్పగా పడుతున్నాయి. అది కూడా అన్ని సంవత్సరాలూ కాదు. కొన్ని సంవత్సరాలు పలచగా ఉంటాయి, కొన్ని సంవత్సరాలు ఎక్కడ లేని రద్దీ.

"ఆసుపత్రోళ్లకు దుర్బుద్ధి కాలాన్ని బట్టి పుడతాదా అక్కా?" అని అడిగాడు.

"పుడతాది" అన్నాను. కోపం వచ్చినప్పుడు నాకు అనుమానాలు రావు. అతనికి వస్తాయి గానీ, ఆసారి నా మాటే విన్నాడు. మా మేనేజరు చంద్రశేఖరరావుగారు రిపోర్టు పంపమని తొందరపెడుతున్నారు. ధనుంజయ తప్పంతా ఆసుపత్రులదేనని రాసి, పంపడానికి సిద్ధంగా ఉంచాడు.

దాన్ని పంపాల్సిన పొద్దునే ధనుంజయ వాళ్లమ్మ ఫోన్ చేసింది. ఆమె గొంతు నా బల్ల దాకా వినపడింది.

"నాయనా, సుబ్బులును మీ ఊర్లోనే ఆసుపత్రిలో చేర్చినారంట. గర్భసంచి తీస్తారంట. వాళ్లత్త ఇప్పుడే చెప్పింది. నువ్వు అంత దగ్గర ఉండావు గదా, ఒక్కసారి పోయి చూసి రా."

ధనుంజయ ఫోన్ పక్కన పెట్టి కంప్యూటర్‌లో ఏదో తెరిచాడు. అనుమతి కోసం ఎదురుచూస్తున్న కేసులవి. బస్టాండు వెనక ఉన్న ఒక నర్సింగ్ హోం నుంచి ఆ ఉదయమే వచ్చిన కేసు ఒకటి ఉంది. తర్లుపాడు మండలం, ఆడమనిషి, ఇరవై ఏడేళ్లు. నెలంతా రక్తం పోతోంది, నడుము లాగేస్తోంది, నిలబడలేకపోతోంది, మందులకు తగ్గలేదు. ఇన్నాళ్లూ వేల మంది వివరాలు చూశాడు. ఆ వరసలో ఉన్నది ఎవరో తెలియడం మాత్రం అతనికి అదే మొదటిసారి.

"ఆపు అక్కా" అన్నాడు.

"నా చేతిలో ఉంటే ఆపనా? అనుమతిచ్చేది పైన డాక్టర్లు. ఏ నిమిషమైనా ఇస్తారు. ఇస్తే లోపలికి తీసుకపోతారు. లే, బండి తీస్తన్నా."

స్కూటీ మీద ధనుంజయ నా వెనక కూర్చున్నాడు. కూరగాయల మార్కెట్ దగ్గర ఆటోలు అడ్డం పడి కదలకపోతే దిగి పరిగెత్తబోయాడు. "కూర్చో, నీకంటే నా బండి ముందు పోతాది" అని కసిరి, మురుగుకాలువ మీద పలక రాయెక్కించి పక్క సందులోంచి తీసుకుపోయాను. ఇద్దరు పిల్లల తల్లిని ఏ జబ్బూ లేకుండా కోయబోతున్నారనీ, దాన్ని ఆపేంత సమయం మాకు లేదనీ నా భయం.

నర్సింగ్ హోం వరండాలో సుబ్బులు భర్త నరేంద్ర గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. బావమరిదిని చూసి తల దించుకున్నాడు. ధనుంజయ అతన్ని దాటుకొని తిన్నగా డాక్టరు గదిలోకి పోయాడు. ఆ మనిషి అరవగలడని నాకు ఆ రోజే తెలిసింది.

"ఏం జబ్బుందని కోస్తాండారు మా చెల్లెల్ని? ఎందర్ని కోసినారు ఇట్ల? నా కాడ లెక్కుండాది. అందరికీ ఒకటే రాత రాసుకుంటా ఉండారే, సిగ్గు లేదా?"

డాక్టరమ్మ లక్ష్మీప్రియ వయసులో నాకంటే చిన్నది. ముందు బిత్తరపోయింది, తర్వాత కోపం తెచ్చుకుంది.

"నేను రాసుకునేదేంది? ఆమె చెప్పిందే రాసినా. ఇది మూడోసారి రావడం. రెండుసార్లు మందులిచ్చి పంపినా. తగ్గలేదని ఏడుస్తా వచ్చింది. స్కానింగులో చిన్న గడ్డ తప్ప ఏం లేదు, వద్దమ్మా అన్నా. నేను చేయకుంటే గిద్దలూరు పోతానన్నది. అక్కడా కాకుంటే నంద్యాల పోతానన్నది. ఎవరో ఒకరు చేస్తారు సార్."

"ఎవరో ఒకరు చేసేది మీరే ఎందుకు చేయాల?" అన్నాను నేను. అయినా ఆమె అబద్ధం చెబుతున్నట్టు నాకు అనిపించలేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది. ఆమెది అబద్ధం కాకపోతే మా రిపోర్టు అబద్ధం.

వార్డులో సుబ్బులు ఆకుపచ్చ గౌను వేసుకొని కూర్చొని ఉంది. చేతికి సెలైన్ సూది గుచ్చారు. ఎండకు నల్లబడిన బక్క మనిషి, కళ్లు మాత్రం అన్నవే. పక్కన స్టూలు మీద వాళ్లత్త కాశమ్మ, కొంగు నడుముకు బిగించి కాపలా ఉన్నట్టు కూర్చుంది. ధనుంజయ మంచం దగ్గరకు పోయి నిలబడ్డాడు. నేను వెనక నిలబడి, ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు అని చూస్తున్నాను.

"తిన్నావా?" అని అడిగాడు.

"తినగూడదన్నారన్నా" అంది సుబ్బులు.

"ఊఁ" అన్నాడు. ఇంకేమీ అనలేకపోయాడు. ఆమె దుప్పటి అంచు నలుపుతూ ఉంది, ఇతను కిటికీ బయటికి చూస్తున్నాడు. వేలమంది ఆడవాళ్ల గర్భసంచుల గురించి లెక్కలు తీసినవాడు సొంత చెల్లెల్ని ఒక్క ప్రశ్న అడగలేకపోయాడు. అన్న ముందు చెల్లెలు, చెల్లెలి ముందు అన్న ఆ మాట ఎత్తకూడదు. వాళ్లలో అంతే. మాలో మాత్రం ఎత్తుతామా? నాకు ఇద్దరు అన్నలు. నెలనెలా నేను వంటింటి గడప దాటనప్పుడు వాళ్లు అన్నం తమ చేత్తో వడ్డించుకొని తింటారు, ఎందుకని ఒక్కరోజూ అడగరు. మాకు గొర్రెలు లేవు గానీ ఆవకాయ జాడీలున్నాయి.

అతను బయటకు వచ్చి, "నువ్వడుగక్కా" అన్నాడు. నాకు అతని చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. కొట్టకుండా లోపలికి పోయాను.

కాశమ్మతో, "పెద్దమ్మా, కార్డు ఆఫీసు నుంచి వచ్చినా. పేషెంటుతో ఒంటరిగా మాట్లాడాల" అన్నాను. కార్డు మాట వినపడగానే ఆమె లేచింది. లేస్తూ లేస్తూ కోడలి వైపు ఒక చూపు చూసింది. అడ్డతెర లాగి మంచం అంచున కూర్చున్నాను.

"నెలంతా రక్తం పోతాందా?" అన్నాను.

"పోతాందక్కా. నడుము లాగేస్తాంది, నిలబడలేకపోతన్నా, మందులకు తగ్గలే..." పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. మా కంప్యూటర్లో ఉన్న మాటలు, అదే వరసలో.

"ఎవరు నేర్పించినారు ఈ మాటలు?"

ఆమె నా మొహంలోకి చూసింది. "మా కాడ అందరికీ తెల్సక్కా. ఇట్ల చెప్తేనే తీస్తారని. మా యారాలు, అదే తోడికోడలు, చెప్పింది. దానికి వాళ్లమ్మగారింటి కాడ చెప్పినారు."

ఆసుపత్రులు ఒకరిది చూసి ఒకరు దించుకోలేదు. ఆడవాళ్లే ఒకరికొకరు నేర్పించుకున్నారు. నాకు నోట మాట రాలేదు. నా జీవితంలో అది తక్కువసార్లు జరిగింది.

"జబ్బు లేకుండా ఎందుకమ్మా కోయించుకోవడం?"

అప్పుడు చెప్పింది. చెప్పేటప్పుడు ఏడవలేదు. ముట్టయిన ఆడది గొర్రెల దొడ్డిలో అడుగుపెట్టకూడదు. పెడితే మందకు కీడు. ఊళ్లో ఉన్నప్పుడు ఇబ్బంది లేదు, ఇంట్లో ఇంకొకరు చూసుకుంటారు. వానలప్పుడు, చవితి పండగ మర్నాడు, నరేంద్ర తర్లుపాడు పోయాడు, అత్త చేనికి పోయింది. ఈనుతున్న గొర్రె దొడ్డిలో పడి అరుస్తోంది. పిల్ల కాలు అడ్డం తిరిగింది. సుబ్బులు ముట్టయి బయట ఉంది. చూసి చూసి లోపలికి పోయి పిల్లను లాగింది. తల్లీ బతికింది, పిల్లా బతికింది.

"అయిన కొన్నాళ్లకే జీవాలకు మూతులు వాచినాయక్కా. నాలికలు నీలమైనాయి. రోజూ కొన్ని చచ్చేటివి. సగం మంద పోయింది. మా అత్త అందరి ముందర అడిగింది, దొడ్లో అడుగుపెట్టినావా అని. పెట్టినానని చెప్పినా. అబద్ధం చెప్పలేకపోయినా. అప్పుట్నుంచి నన్ను మంద కాడికి రానియ్యరు. ఎండాకాలం మంద తోలుకొని కాలవల కింద పొలాలకు పోతారు, నెలల తరబడి ఆ పొలాల్లోనే. అక్కడ ఉండేది మొగుడూ పెళ్లామే. ముట్టయితే దొడ్డి చూసేదానికి ఇంకో ఆడది ఉండదు. సంచి తీయించుకుంటేనే నన్ను వెంట తీసుకపోతా అన్నాడు ఆయన. నాకు జీవాలు తప్ప ఇంకేం తెల్సక్కా? అవి నా గొంతు మర్చిపోతాయి."

తెర అవతల చెప్పుల చప్పుడు ఆగింది. ఆసుపత్రి కౌంటర్ దగ్గరుండే మనిషి నర్సుతో, "అనుమతి వచ్చింది, తయారుచేయండి" అంటున్నాడు.

నేను వరండాలోకి పరిగెత్తాను. ధనుంజయకు విన్నదంతా చెప్పాను. సిగ్గుపడుతూ నసగలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"జీవాలు చచ్చిన యేడల్లా..." అన్నాడు. "అదక్కా. వానలు పోయినాక అందుకే. నీలి నాలుక వచ్చేది అప్పుడే. అది ఎక్కువైన యేడు మన ఆడోళ్లు ఆసుపత్రులకు ఎక్కువ వచ్చినారు." మాట్లాడుతూనే ఫోన్ తీసి తర్లుపాడు పశువుల ఆసుపత్రిలో పనిచేసే కిషోర్‌కు చేశాడు. ఇద్దరూ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్లు. జీవాలకూ బీమా ఉంది. చచ్చిన ప్రతి గొర్రెకూ ఊరు, తేదీ, యజమాని అన్నీ రాస్తారు. గొర్రెల దగ్గర పేర్లు దాచే పని లేదు.

"కిషోరూ, మొన్నటి వానలకు నీలి నాలుకతో పోయిన జీవాలు, యాడ యాడ, ఏ రోజు నుంచి. ఇప్పుడే చెప్పు. మా చెల్లెలి ప్రాణం మీదికొచ్చింది."

అతను ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని వింటుండగానే నర్సు స్ట్రెచర్ తోసుకొని వార్డులోకి పోయింది. నేను వెనకాలే పోయి దాని చక్రానికి కాలు అడ్డం పెట్టాను.

"ఏందమ్మా ఇది?" అంది నర్సు.

"కార్డులో తప్పుంది. సరిచేయాల" అన్నాను. నోటికొచ్చిన అబద్ధం.

కాశమ్మ లోపలికి వచ్చింది, వెనక నరేంద్ర, వాళ్ల వెనక ధనుంజయ.

"అత్తా, ఆపరేషన్ వద్దు" అన్నాడు.

"ఆడోళ్ల సంగతి నీకెందుకు నాయనా? బయట కూర్చో పో" అంది కాశమ్మ. "నాకూ తీసినారు. దాని వయసులోనే. జీవాలమ్మి తీయించుకున్యా, అప్పుడు కార్డులు యాడివి? ఏమైంది నాకు? ఉండాగా?" అంటూనే మంచం పట్టె పట్టుకుంది. నిటారుగా నిలబడటం ఆమె వల్ల కావడం లేదని నాకు అప్పుడు కనపడింది.

ధనుంజయ చెల్లెలి వైపు తిరిగాడు. ఆ ఒక్క మాట అనడానికి ఎంతసేపు పట్టిందో. నరేంద్ర నేల చూపులు చూస్తున్నాడు, నర్సు నోరు తెరుచుకొని చూస్తోంది. వేరే మంచాల మీద ఉన్నవాళ్లు కూడా లేచి కూర్చున్నారు.

"సుబ్బులూ, నీ ముట్టుకూ జీవాలు చచ్చేదానికీ ఏం సంబంధం లేదు."

సుబ్బులు రెండు చేతులతో మొహం కప్పుకుంది. కాశమ్మ "ఛీ" అంది. అతను ఆగలేదు. ఊళ్ల పేర్లు తడబడకుండా చెప్పాడు. అదే వానల్లో గిద్దలూరు వైపూ జీవాలు చచ్చాయి, యర్రగొండపాలెం వైపూ చచ్చాయి, ముండ్లమూరు దాకా చచ్చాయి. తడి నేలల్లో పుట్టే చిన్న దోమ కుట్టి వచ్చే రోగమది. దొడ్డిలో ఎవరు అడుగుపెట్టారో ఆ దోమకు తెలియదు.

"యాడో చచ్చినాయని ఇక్కడ తప్పు జేసింది గాకుండా పోతాదా?" అంది కాశమ్మ.

"మీ ఊర్లో మొదట పోయింది మీ మంద గాదత్తా. బోడెన్న మంద. చవితికి ముందే, సుబ్బులు దొడ్లోకి పోకముందే చచ్చినాయవి."

బోడెన్న పెళ్లాం ఎప్పుడో పోయింది, ఇద్దరు కొడుకులకూ పెళ్లిళ్లు కాలేదు అని సుబ్బులు తర్వాత నాకు చెప్పింది. ఆ ఇంట్లో ఆడమనిషే లేదు. కాశమ్మ మెల్లగా కొడుకు వైపు తిరిగింది.

"బోడెన్న జీవాలు ఎప్పుడు పోయినాయిరా?"

"మనకంటే ముందేమా. గొయ్యి తవ్వేదానికి నేనే పోయినా గదా" అన్నాడు నరేంద్ర.

ఇన్ని నెలలూ ఆ సంగతి ఆ మనిషికి తెలుసు. స్వయంగా గొయ్యి తవ్వి పూడ్చి వచ్చి, పెళ్లాన్ని దొడ్డి బయట నిలబెట్టాడు. నేను ఏదో అనబోయాను. సుబ్బులు నాకంటే ముందు మాట్లాడింది. అత్తతో కాదు, మొగుడితో కాదు. గుమ్మంలో నిలబడి ఉన్న డాక్టరమ్మతో.

"అమ్మా, నేను అబద్ధం చెప్పినా. నాకు రక్తం పోవడంలే. నడుము నొప్పీ లేదు. నాకు ఆపరేషన్ వద్దు."

డాక్టరమ్మ దగ్గరకు వచ్చి, సెలైన్ సూది తనే తీసింది. దూది పెట్టి సుబ్బులు బొటనవేలితో నొక్కి పట్టుకోమంది. నర్సు స్ట్రెచర్ వెనక్కి లాగింది. నేను చక్రం మీంచి కాలు తీశాను. ధనుంజయ అక్కడే స్టూలు మీద కూలబడి, చెల్లెలి ముందు, బావ ముందు, అందరి ముందు ఏడ్చాడు. నాకూ కళ్లు నిండాయి. అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాను.

కాశమ్మ మాత్రం కదలలేదు. రెండు చేతులతో మంచం పట్టె పట్టుకొని, ధనుంజయనే చూస్తోంది. ఆమె చూపులో కోపం లేదు. బాగా వెనకటి రోజులు ఏవో లెక్కపెట్టుకుంటున్నట్టుంది.

"ఆ యేడూ వానలే" అంది మెల్లగా. "ఆ యేడూ నాలికలు నీలమైనాయి. నేను దొడ్లోకి పోయినాననే తీయించినారు. దాని తర్వాత గూడా జీవాలు చస్తానే వచ్చినాయి." తర్వాత అడిగింది.

"అట్లయితే నాదెందుకు తీసినట్టు నాయనా?"

సుబ్బులు మంచం మీద పక్కకు జరిగి, అత్త చెయ్యి పట్టుకొని తన పక్కన కూర్చోబెట్టుకుంది.